రాత్రిపూట వచ్చే బండి వద్దు

ఈసారి మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే చాలా చోటు పోయింది, దానికి అంత అవసరం ఉంది. పేర్లూ ఊళ్లూ తీసేశాను.

ప్రశ్న: మేడం, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మిరప, పత్తి వేస్తాం. మా బాబుకు పదహారేళ్లు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని, అందరూ చెప్పారని విజయవాడలో హాస్టలున్న కాలేజీలో ఎంపీసీలో చేర్పించాం. ఫస్టియర్ ఎలాగో గడిచింది. సెకండియర్లో దసరా సెలవులకు వచ్చినవాడు ఇక వెళ్లనన్నాడు. నెలన్నర అయింది. పగలంతా పడుకుంటాడు, తెల్లవారుజాము మూడింటి దాకా ఫోను చూస్తాడు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు బ్యాటు అటక మీద పడేశాడు. అన్నం గది బయట పెడితే ఎప్పుడో తింటాడు, లేకపోతే కంచంలోనే ఎండిపోతుంది. స్నానం వారానికోసారి. మా ఆయన కోపం పట్టలేక ఫోను లాక్కుంటే బీరువా అద్దం పగలగొట్టాడు, అంతకుముందు ఎన్నడూ గట్టిగా కూడా మాట్లాడనివాడు. ఏమైందిరా అంటే 'నేను లేకపోతే మీకు ఫీజు డబ్బులన్నా మిగులుతాయి' అన్నాడు, కోపంలో అన్నాడులే అనుకున్నాం. ఇంట్లో తలోమాట. మా అత్తగారు దిష్టి అని తాయెత్తు కట్టించారు. మా ఆయన ఇంకా స్ట్రిక్టుగా ఉండే హాస్టల్లో వేద్దామంటున్నారు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, హైదరాబాద్ అవతల ఒక డీఅడిక్షన్ సెంటర్ ఉందంటున్నారు. రాత్రిపూట వాళ్లే బండి పంపి తీసుకెళ్తారట, మూడు నెలలు ఉంచుకుంటారట, మొదటి నెల ఫోనూ ఉండదు, చూడ్డానికీ రానివ్వరు. నెలకు నలభై వేలు. మెడికల్ షాపతను నిద్రమాత్రలు ఇచ్చాడు, ఇంకా వేయలేదు. సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్తే పిచ్చి ముద్ర పడుతుందని భయం. వీటిలో ఏది ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, బీరువా అద్దం గురించి మీ అసలు ఉత్తరంలో అరపేజీ రాశారు. 'నేను లేకపోతే' అన్న మాటను మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగే సంగతి కాదు కాబట్టి ఆ రోజే మీకు ఫోన్ చేశాను. అప్పుడు మాట్లాడుకున్నదీ, ఆ తర్వాత జరిగిందీ రాయడానికి మీరు ఒప్పుకున్నారు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న మిగతా అమ్మానాన్నల కోసం కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఏ వైద్యం, ఎక్కడ, ఎంత ఖర్చు, ఇవన్నీ తర్వాత. మొదట తేల్చుకోవాల్సింది పిల్లవాడికి ప్రాణం మీద విరక్తి ఉందా అన్నది. అది తెలియాలంటే అడగాలి. డొంకతిరుగుడు లేకుండా 'నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని ఆ మాటతోనే అడగాలి. ఇలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని తల్లులు వణికిపోతారు, నాకు తెలుసు, కానీ అలా జరగదు. ఆ ఆలోచన లేని పిల్లలు 'ఏంటమ్మా' అని విసుక్కుంటారు, ఉన్నవాళ్లకు ఎవరో ఒకరు అడిగారన్న ఊరట దొరుకుతుంది. 'అలాంటి పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోలేదుగా?' అని అడిగితే మాత్రం ఏ పిల్లవాడైనా లేదనే అంటాడు. వాడు ఏ జవాబు చెప్పాలో మనమే చెప్పేసినట్టు కదా అది.

ఆ రాత్రి మీరు లైటు ఆర్పి, వాడి మంచం పట్టె మీద కూర్చుని అడిగారు. వాడు గోడవైపు తిరిగి చాలాసేపు ఏమీ అనలేదు, మీరూ లేవలేదు. చివరికి 'రోజూ కాదమ్మా, అప్పుడప్పుడు' అన్నాడు. ఆ మాట విని మీరు ఏడవలేదు, తిట్టలేదు, దేవుడి మీద ఒట్టు వేయించుకోలేదు. వాడి వీపు మీద చెయ్యి వేసి, 'చెప్పి మంచి పని చేశావు, రేపు ఇద్దరం కలిసి ఒక డాక్టరుతో మాట్లాడదాం' అన్నారు. ఆ రాత్రి నేను అక్కడున్నా అంతకంటే బాగా చేసి ఉండేదాన్ని కాదు.

తెల్లారగానే చేయమన్న రెండో పని, పశువుల కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఊళ్లో వేరే ఇంటికి చేర్చడం. మీ అత్తగారి బీపీ బిళ్లలు, ఆ షాపతను ఇచ్చిన నిద్రమాత్రలు, జ్వరం బిళ్లల స్ట్రిప్పులతో సహా బీరువాలో పెట్టి తాళం మీ కొంగున కట్టుకోవడం. 'వాడు చేసుకోవాలనుకుంటే తాళం ఆపుతుందా?' అని మీ ఆయన అడిగారు. చాలాసార్లు ఆపుతుంది. ఆ ఉధృతి తరచూ కొద్ది నిమిషాలదే, చేతికి అందేది ఏదీ లేకపోతే ఆ నిమిషాలు దాటిపోతాయి. పొలం పని చేసే ప్రతి ఇంట్లో, పిల్లలకు ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, ఆ డబ్బాలు ఇంటికి దూరంగా తాళంలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

పిల్లవాడు ఎలా, ఎప్పుడు అన్నది కూడా ఆలోచించుకుని ఉంటే, లేదా ఇదివరకే ఒకసారి ప్రయత్నించి ఉంటే, తెల్లారేదాకా కూడా ఆగకూడదు. ఒక్క క్షణం ఒంటరిగా వదలకుండా దగ్గరి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసు అవుతుందేమోనని దాచిపెట్టే వాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. రాత్రి ఏ వేళలోనైనా మాట్లాడ్డానికి 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చేయొచ్చు, తల్లిదండ్రులూ చేయొచ్చు.

ఇక ఆ బండి సంగతి. అన్నయ్యగారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, అయినా ఆ సెంటరుకు పంపొద్దని మీకు ఫోన్లో ఎంత గట్టిగా చెప్పానో ఇక్కడా అంతే గట్టిగా చెప్తున్నాను. అర్ధరాత్రి తెలియని మగవాళ్లు నలుగురు గదిలోకి వచ్చి రెక్కలు పట్టుకుని తీసుకెళ్తుంటే అమ్మానాన్నలు గుమ్మంలో నిలబడి చూశారన్నది పదహారేళ్ల పిల్లవాడు ఎప్పటికీ మర్చిపోడు. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి అలాంటి చోట మూడు నెలలు ఉండి వచ్చాడు. తిరిగొచ్చాక ఏడాది పాటు బూట్లు మంచం పక్కనే పెట్టుకుని పడుకునేవాడు. ఎందుకు నాన్నా అంటే, 'మళ్లీ వస్తే పరిగెత్తడానికి' అన్నాడు.

అసలు మీవాడికి వ్యసనం ఉందని ఎవరు తేల్చారు? ఎవరూ తేల్చలేదు. మనసు కుంగిపోయిన పిల్లవాణ్ణి తాగుడు మానలేని పెద్దవాళ్ల మధ్య పడేసి తాళం వేయడం వైద్యం ఎలా అవుతుంది? పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని మానసిక చికిత్స కోసం చేర్చుకోవాలంటే ఏం చేయాలో ఆ 2017 చట్టం స్పష్టంగా చెప్పింది, డీఅడిక్షన్ సెంటర్లకూ అదే వర్తిస్తుంది. ఇద్దరు నిపుణులు, వాళ్లలో ఒకరు తప్పకుండా సైకియాట్రిస్ట్, విడివిడిగా చూసి, ఇంట్లో ఉంచి చేసే వైద్యం కుదరదని తేల్చాలి. పిల్లల్ని పెద్దవాళ్లతో కలపకుండా వేరేగా ఉంచాలి. చేర్చుకున్న సంగతి మూడు రోజుల్లోగా, ఆ చట్టం కిందే ఏర్పాటైన మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నన్ని రోజులూ తల్లో తండ్రో, లేదా వాళ్లు నియమించిన మనిషో పిల్లవాడి పక్కనే ఉండి తీరాలి. 'మొదటి నెల రావొద్దు' అనే చోటు ఆ మాటతోనే చట్టం తప్పుతోంది. ఏ సెంటరుకైనా ఫోన్ చేసి రెండే అడగండి: మీకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ నంబరెంత, నేను మా బాబు పక్క మంచం మీద పడుకోవచ్చా? ఈ రెండిటికీ నేరుగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

మరి ఎక్కడికి వెళ్లాలి? మీకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వాసుపత్రి ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. రెండు చోట్లా సైకియాట్రీ విభాగం ఉంది. విశాఖ మానసిక ఆసుపత్రి గానీ, హైదరాబాద్ ఎర్రగడ్డ గానీ వెళ్లాల్సినంత అవసరం అందరికీ రాదు. (ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే తిట్టుగా వాడుకుని మనం ఎంతమంది పిల్లల్ని వైద్యానికి దూరం చేశామో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.) ముద్ర భయం గురించి ఒక్క మాట: మీ బాబు ఏ వైద్యం చేయించుకున్నాడో ఆసుపత్రి బయటివాళ్లకు చెప్పకూడదు, అది చట్టం ఇచ్చిన హక్కు. కాలేజీకీ చెప్పరు, రేపు పెళ్లి సంబంధాలప్పుడూ చెప్పరు. చెప్పేది బంధువులే, కాబట్టి ఎవరికి చెప్పాలో మీరే ఆలోచించుకోండి.

మొదటి రోజు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నిద్ర, తిండి, ఎప్పటినుంచి మార్పు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా, ఇవి రాసుకుని వెళ్లండి. మంచి డాక్టరు మీ ముందు కొంతసేపు, మిమ్మల్ని బయటికి పంపి వాడితో ఒంటరిగా కొంతసేపు మాట్లాడతారు. మిమ్మల్ని పంపించేశారని చిన్నబుచ్చుకోకండి, పిల్లలు అసలు సంగతి చెప్పేది అప్పుడే. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా ఇలాగే మందకొడిగా చేస్తాయి కాబట్టి రక్తపరీక్ష రాయొచ్చు. ఇది డిప్రెషనా, భయాల జబ్బా, చిన్నప్పటినుంచి ఎవరూ గుర్తించని ఏకాగ్రత లోపమా, గంజాయి లాంటిదేమైనా అలవాటైందా, చెవిలో మాటలు వినబడుతున్నాయా, హాస్టల్లో ఎవరైనా కొట్టారా, ఒంటిమీద చెయ్యి వేశారా (మగపిల్లలకూ జరుగుతుంది, చెప్పుకోలేక కుమిలిపోతారు), ఇవన్నీ ఒక్కొక్కటీ చూడాలి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి: గది తలుపు వేసుకోవడం, ఫోను, కోపం. వైద్యం మాత్రం దేనికది వేరు. అందుకే ఏ వైద్యం ఎంచుకోవాలని మీరడిగితే ముందు ఏమైందో తెలుసుకుందామని అన్నాను. ఐదు నిమిషాల్లో నాలుగు రకాల బిళ్లలు రాసి పంపేస్తే, ఏ జబ్బుకు రాశారో అడగండి, చెప్పకపోతే ఇంకొకరికి చూపించండి.

గుంటూరులో డాక్టరుగారు డిప్రెషన్ అన్నారు, ఓ మోస్తరు కంటే కాస్త ఎక్కువే అన్నారు. మందు మొదలుపెడతామంటే మీరు భయపడి మళ్లీ నాకు ఫోన్ చేశారు. తేలికపాటి డిప్రెషన్ అయితే కొన్ని వారాలు మాటలతో చేసే చికిత్సతో చూడొచ్చు. అది ముదిరినప్పుడు, చావు మాట వచ్చినప్పుడు, మందూ మాటలూ రెండూ కావాలి. 2004లో అమెరికాలో డిప్రెషన్ ఉన్న 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 439 మంది మీద చేసిన అధ్యయనం బయటికొచ్చింది. 12 వారాలయ్యాక చూస్తే ఫ్లూఆక్సెటిన్ అనే మందు, మాటల చికిత్స రెండూ అందినవాళ్లలో నూటికి 71 మంది బాగా మెరుగయ్యారు. మందొక్కటే అయితే 61, మాటలొక్కటే అయితే 43, మందు లేని ఉత్తి బిళ్లతో 35. మీవాడికి రాసిందీ ఆ మందే. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ రకం మందులన్నిటి మీదా ఒక హెచ్చరిక వేయించింది, కొంతమంది పిల్లల్లో మొదట్లో చావు ఆలోచనలు పెరగొచ్చని. మందు మానేయమని దాని అర్థం కాదు, మొదటి వారాల్లో కనిపెట్టుకుని ఉండమని. చిరాకు ఎక్కువైనా, నిద్ర లేకుండా తిరుగుతున్నా, మరీ హుషారైపోయినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. గుణం కనపడ్డానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగయ్యాడు కదా అని మీకు మీరే ఆపేయకండి, అలా ఆపేసి మళ్లీ మొదటికొచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను.

మాటల చికిత్స అంటే 'బాగా చదువుకోవాలి బాబూ' అని బుద్ధులు చెప్పడం కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకూ ఆ చదువు ఉండదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే భారత పునరావాస మండలిలో రిజిస్టర్ అయి ఉంటారు, ఆ నంబరు అడగడంలో తప్పేమీ లేదు. మొదటి రెండుసార్లూ మీవాడు నోరు విప్పలేదని బాధపడ్డారు. కొంతమంది పిల్లలకు ఐదోసారికి గానీ మాట రాదు. డబ్బు విషయానికొస్తే ప్రభుత్వాసుపత్రి ఓపీలో మీకు పెద్దగా ఖర్చేమీ కాలేదు. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, శరీరానికొచ్చే జబ్బుల్లాగే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం చెప్తోంది.

తాయెత్తు ఉండనివ్వండి. మీ అత్తగారికి మనవడంటే ప్రేమ, ఆ దారం వల్ల నష్టమేమీ లేదు, మందు మాన్పించకుండా ఉంటే చాలు. ఎవరైనా పొగ వేస్తామన్నా, కొడతామన్నా, ఏ గుడి దగ్గరో దర్గా దగ్గరో కట్టేసి ఉంచాలన్నా ఒప్పుకోకండి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక జబ్బున్నవాళ్లను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది లేవలేక కాలిపోయారు.

ఫోను మూడింటిదాకా చూడ్డం జబ్బుకు మూలమని మీ ఆయన నమ్మకం. చాలామంది పిల్లలు నిద్ర పట్టకే ఫోను పట్టుకుంటారు, తర్వాత ఆ ఫోను వల్ల నిద్ర ఇంకా పోతుంది. లాక్కుంటే మళ్లీ అద్దాలే పగులుతాయి. ఈ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పడుకునే వేళతో యుద్ధం చేయకుండా లేచే వేళను రోజుకో పావుగంట ముందుకు జరపండి, లేవగానే వెలుతురులోకి, కళ్లంలోకో చేలోకో తీసుకెళ్లండి. రాత్రి పదకొండుకు ఇంట్లో అందరి ఫోన్లూ వంటింట్లో ఒకేచోట, మీ ఆయన ఫోనుతో సహా. ఆయన ఫోను పక్కలో పెట్టుకుని వాడిదొక్కటే తీసేస్తే అది శిక్షవుతుంది.

ఇంకా స్ట్రిక్టు హాస్టలు మాట మాత్రం మర్చిపోండి. మీరు ఫోన్లో చెప్పినదాన్నిబట్టి వాడి గొంతు పూడుకుపోయింది ఆగస్టులో పై బ్యాచ్ నుంచి కింది బ్యాచ్‌కు దింపినప్పుడు. చొక్కా కాలరు లోపల మార్కర్‌తో రాసిన హాస్టల్ నంబరు చూపించి 'ఇదే అమ్మా నా పేరు అక్కడ' అన్నాడన్నారు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జూలై 25న సుప్రీం కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. మార్కులనుబట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని, వందమందీ ఆపైన పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. మీ కాలేజీవాళ్లను ఆ కౌన్సెలర్ ఎవరని అడిగారా? అడగండి, ఇంకా చాలామంది పిల్లలున్నారు అక్కడ. మీవాడు ఈ ఏడాది పరీక్ష రాయకపోతే మునిగేదేమీ లేదు, సప్లిమెంటరీ ఉంది, వచ్చే ఏడాది ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది. చదువు మాట డాక్టరుగారు సరేనన్నాకే ఎత్తండి.

మీ ఆయన్ని మూడోసారి రివ్యూకు రమ్మన్నాను. వెళ్లారట. బయట బెంచీ మీద ఇద్దరూ ఒక్క మాటా లేకుండా కూర్చున్నారట, తర్వాత క్యాంటీన్లో ఆయనే వాడికి ఇడ్లీ తెచ్చిపెట్టారట. మిగతాది నెమ్మదిగా జరుగుతుంది.

ప్రశ్న: మాది కరీంనగర్. మా అక్క కూతురు పదో తరగతి. ఎండాకాలంలో కూడా చేతులు నిండా కప్పే డ్రెస్సే వేసుకుంటోంది. మొన్న గోరింటాకు పెడదామని చేయి పట్టుకుంటే మణికట్టు పైన గీతలు కనబడ్డాయి, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. 'అమ్మకు చెప్పకు పిన్నీ, నా మీద ఒట్టు' అంది. ఒట్టు తప్పితే ఇక నాతో ఏదీ చెప్పదేమో. ఏం చేయాలి?

జవాబు: ఒట్టు తప్పాలమ్మా, కానీ తనకు తెలియకుండా కాదు. ముందు తనతోనే చెప్పండి: 'ఇది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు బంగారం, అమ్మకు చెప్పాలి. నువ్వు చెప్తావా, ఇద్దరం కలిసి చెబుదామా, నన్ను చెప్పమంటావా?' ఎలా చెప్పాలో తననే ఎంచుకోనివ్వండి. ఒకట్రెండు రోజులు దాటనివ్వకండి. అక్కను కూడా ముందే కొంచెం సిద్ధం చేయండి, ఆ చేయి చూడగానే 'నేనేం తక్కువ చేశానే' అని ఏడిస్తే ఆ పిల్ల ఆ ఏడుపును కూడా తన ఖాతాలోనే వేసుకుంటుంది.

ఇలా చేసుకునే పిల్లలందరూ చావాలనుకోరు. లోపల ఊపిరాడనట్టు ఉన్న బాధ ఆ కాసేపు తగ్గినట్టనిపిస్తుందని చాలామంది చెప్తారు. అయినా చావు సంగతి పై జవాబులో చెప్పినట్టే సూటిగా అడగాలి, ఎందుకంటే కొందరిలో రెండూ ఉంటాయి. రోజూ చేతులు చాపించి తనిఖీ చేయడం, చుట్టాలకు చూపించడం, 'ఫ్యాషనా ఇది' అనడం, ఇవేవీ వద్దు. గాయాలు శుభ్రం చేసి కట్టు కట్టండి, ఏ ప్రశ్నా వేయకుండా.

వైద్యం అంటారా, ఇక్కడ ప్రధానం మాటల చికిత్స. ఆ బాధ పొంగుకొచ్చినప్పుడు చేతిని గాయపరుచుకోకుండా ఏం చేయొచ్చో ఒక్కో మెట్టుగా నేర్పించే పద్ధతులున్నాయి, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డీబీటీ) అని ఒకటి ఇలాంటి పిల్లలకు బాగా పనికొస్తుంది, క్లినికల్ సైకాలజిస్ట్‌ను అది తెలుసా అని అడగండి. డిప్రెషన్ కూడా ఉంటే మందు అవసరమవుతుంది, అందుకని ఒకసారి సైకియాట్రిస్ట్ చూడటం మంచిది. ఇంకో మాట. ఇంట్లో గానీ ట్యూషన్‌లో గానీ బళ్లో గానీ ఎవరైనా తనను ఇబ్బంది పెడుతున్నారా అని మీరే, పిన్నిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అవునంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఆ మనిషి చుట్టమైనా సరే, ఎంత పెద్దమనిషైనా సరే.

గోరింటాకు మాత్రం మధ్యలో ఆపేయకండి, మళ్లీ ఆదివారం పెట్టండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. వేపింగ్ (ఈ-సిగరెట్ పీల్చడం) అలవాటైంది, క్లాసులు ఎగ్గొడుతున్నాడు, రెండుసార్లు స్కూలు నుంచి సస్పెండ్ చేశారు. నాతో మాట్లాడి రెండు నెలలైంది. ఒక స్నేహితుడు యూటా రాష్ట్రంలో ఇలాంటి పిల్లల్ని దారిలో పెడతామనే క్యాంపుల్లాంటివి అడవుల్లో ఉన్నాయంటున్నాడు. నా భార్య హైదరాబాద్ పంపి మా అమ్మానాన్నల దగ్గర ఉంచి, హాస్టలున్న కాలేజీలో చేరుద్దామంటోంది. ఏది నయం?

జవాబు: రెండూ వద్దు. చిత్రమేమిటంటే, మొదటి ఉత్తరంలోని ఆ రాత్రిపూట బండి మీ దగ్గరా ఉంది. మీరు డబ్బు కడితే తెల్లవారుజామున ఇద్దరు మనుషులు వచ్చి పిల్లవాణ్ణి లేపి తీసుకెళ్లే సంస్థలు అమెరికాలో ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. అలాంటి చోట్లకు వెళ్లొచ్చిన పిల్లలు పెద్దయ్యాక నోరు విప్పి పోరాడితేనే యూటా 2021లో నియమాలు కఠినం చేసింది, 2024 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం కూడా ఒక చట్టం తెచ్చింది. ఆ కేంద్ర చట్టం ప్రధానంగా ఈ సంస్థల మీద అధ్యయనం చేయించేది, దాన్ని చూసి ఇక భయం లేదనుకోవద్దు.

హైదరాబాద్ సంగతి. మీవాడు తెలుగు మాట్లాడతాడేమో గానీ చదవలేడు. స్నేహితులు అక్కడ, తను ఇక్కడ, పొద్దున ఐదింటికి స్టడీ అవర్, డెబ్బై దాటిన తాతయ్యా నానమ్మా. ఏ బాధతో వేపింగ్ మొదలైందో ఆ బాధను సూట్‌కేసులో పెట్టి పంపినట్టే. నానమ్మ ఊరికి సెలవుల్లో ప్రేమగా రావాల్సిన పిల్లవాడు, దాన్ని జైలుగా చూస్తాడు.

మీ పిల్లల డాక్టరుతో మొదలుపెట్టండి, ఆయన ద్వారా పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గర పూర్తి పరీక్ష చేయించండి. ఏకాగ్రత లోపం, డిప్రెషన్, బళ్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఇవన్నీ చూడాలి. ముందు వారానికోసారి చికిత్స. అది సరిపోకపోతే వారంలో కొన్ని రోజులు కొన్ని గంటలపాటు చికిత్సకు వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే ఏర్పాట్లు మీ దగ్గర ఉంటాయి, బీమా దేనికి ఎంత ఇస్తుందో ముందే అడగండి. ప్రాణానికి ప్రమాదం ఉంటే ఆసుపత్రిలో కొద్దిరోజులు చేర్చాల్సి రావొచ్చు, అందుకు భయపడకండి. అక్కడ ఇలాంటి అత్యవసరానికి 988 అనే హెల్ప్‌లైన్ ఉంది. ఎప్పుడైనా ఎవరైనా బయట ఎక్కడైనా ఉంచి చేయించాలని చెప్తే, 'మావాడితో ఎవరూ వినకుండా రోజూ ఫోన్లో మాట్లాడొచ్చా?' అని అడగండి.

ఇక ఆ రెండు నెలల మౌనం. ఎదురుగా కూర్చోబెట్టి 'మాట్లాడు' అంటే ఈ వయసు పిల్లలు బిగుసుకుపోతారు, పక్కపక్కన కూర్చున్నప్పుడు నయం. కారు దానికి బాగుంటుంది. శనివారం పొద్దున్నే వాణ్ణి ఎక్కించుకుని ఓ గంట తిప్పి తీసుకురండి, పాటలు వాడు పెట్టుకోనివ్వండి, స్కూలు గురించీ వేపింగ్ గురించీ ఎత్తకండి. మొదటి రెండు మూడు వారాలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. అయినా తీసుకెళ్లండి.